వాట్సాప్ వచ్చాక ఎస్సెమ్మెస్ డబ్బులు ఎటు పోయాయి?

ఎంబీఏ ప్రాజెక్టు కోసమంటూ మీరు మూడు ప్రశ్నలు అడిగారు. వాట్సాప్ లాంటి యాప్‌లు వచ్చాక మొబైల్ కంపెనీలకు ఎస్సెమ్మెస్ ఆదాయం ఎంత పోయింది? పోతే అవి ఎలా నిలబడ్డాయి? ఆ యాప్‌ల దగ్గర కంపెనీలు వాటా అడగడం న్యాయమేనా? మొదటిదానికి ఒక అంకె చెప్పి ఊరుకోవచ్చు, కానీ ఆ అంకె మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నేను 2005 నుంచి తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో ఒక మొబైల్ కంపెనీలో పనిచేశాను. మా విభాగాన్ని వ్యాస్, అంటే కాల్స్‌కు అదనంగా అమ్మే సేవలు, అనేవారు. ఎస్సెమ్మెస్, కాలర్ ట్యూన్లు, క్రికెట్ స్కోర్లు, రాశిఫలాలు అన్నీ మా నెత్తినే. ఆ తర్వాత బ్యాంకులకు, దుకాణాలకు టోకున మెసేజీలు పంపిపెట్టే సంస్థకు మారాను. అంటే ఎస్సెమ్మెస్ బాగా బతికిన రోజుల్లో ఒకసారి, అది చచ్చిపోయిందని అందరూ చెప్పుకున్నాక ఇంకోసారి దాని మీదే జీతం తీసుకున్నాను.

2009 డిసెంబరు 31 రాత్రి డ్యూటీ నాది. ఎస్సెమ్మెస్ సెంటర్ అంటే పంపిన ప్రతి మెసేజీనీ ముందు తన దగ్గర దాచుకుని, అవతలి ఫోను దొరికినప్పుడు అందించే యంత్రం. పోస్టాఫీసులో సంచుల గది లాంటిది. దాని పని ఎలా నడుస్తోందో చూపించే తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఉండేది. మామూలు రోజుల్లో నేలబారుగా పాకే ఆ గీత, ఆ రాత్రి పదకొండున్నరకు లేచింది. పన్నెండయ్యేసరికి తెర పై అంచును తాకి అక్కడే అతుక్కుపోయింది. పన్నెండింటికి పంపిన శుభాకాంక్షలు కొందరికి తెల్లవారుజామున మూడింటికి అందాయి. ఆ రోజు 'బ్లాకౌట్ డే'. అంటే నెలవారీ ఎస్సెమ్మెస్ ప్యాక్ వేయించుకున్నవారికి కూడా ఆ ప్యాక్ చెల్లదు, మెసేజీకి రూపాయి చొప్పున కోత పడుతుంది. సంక్రాంతికి, దీపావళికి కూడా అదే వరస. పండగ పూట పనిచేయని ప్యాక్ ఎందుకని కస్టమర్ కేర్‌కు తిట్ల దండకం మొదలయ్యేది. మా మేనేజరు మాత్రం గీతను చూసుకుంటూ అందరికీ బిర్యానీ తెప్పించాడు. ఆ రాత్రి కంపెనీకి అయిన అదనపు ఖర్చు ఆ బిర్యానీ పొట్లాలే అంటే పెద్ద అతిశయోక్తి కాదు.

ఎందుకంటే ఎస్సెమ్మెస్ కోసం ఎవరూ ప్రత్యేకంగా నెట్‌వర్క్ వేయలేదు. కాల్ కలపడానికి టవరూ ఫోనూ తమలో తాము మాట్లాడుకునే సిగ్నలింగ్ దారి ఒకటి ఎలాగూ ఉంటుంది. అందులో మిగిలిన ఖాళీలోనే మెసేజీ ప్రయాణిస్తుంది. మోసేది 140 బైట్లు, అంతే. రూపాయి చొప్పున లెక్కేస్తే ఒక ఎంబీ సమాచారం పంపడానికి దాదాపు 7,490 మెసేజీలు, అంటే అన్ని రూపాయలు కావాలి. అదే ధరకు ఒక జీబీ అయితే 76 లక్షలు దాటుతుంది. ఈ రోజు నెలవారీ ప్లాన్లలో జీబీ డేటా ఒక టీ ఖర్చుతో వస్తోంది. ఇంకో కొలత కూడా చూడండి. ఒక కంపెనీ నుంచి వచ్చిన మామూలు మెసేజీని తన వినియోగదారుకు అందించినందుకు రెండో కంపెనీకి దక్కాల్సిన రుసుమును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో 2 పైసలుగా ఖరారు చేసింది. 2 పైసల పనికి రూపాయి వసూలు చేసే వ్యాపారం ఏదైనా సరే, పక్కన ఇంకో దుకాణం తెరుచుకునే దాకానే నడుస్తుంది.

తెలుగువాళ్లకు ఆ రూపాయి ఇంకా భారం. ఇంగ్లిషు అక్షరాలైతే ఒక మెసేజీలో 160 పడతాయి. తెలుగు లిపిలో రాయగానే ఆ హద్దు 70కి పడిపోతుంది. పైగా మన గుణింతాలు, ఒత్తులు, సున్నాలు దేనికదే లెక్కలోకి వస్తాయి. 'సంక్రాంతి శుభాకాంక్షలు' అనే రెండు మాటలకే 22 ఖర్చవుతాయి. ఇంకో వాక్యం కలిపి ఇంటిపేరుతో సంతకం పెడితే రెండో మెసేజీ, రెండో రూపాయి. అవతలివారి ఫోనులో తెలుగు లేకపోతే అన్నీ డబ్బాలుగా కనబడేవి. అందుకే ఒక తరమంతా తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాయడానికి అలవాటుపడింది. వాట్సాప్‌లో ఈ లెక్కలేవీ లేవు. రాయడం రానివారికి మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలు. మా అమ్మ జీవితంలో ఒక్క ఎస్సెమ్మెస్ కూడా పంపలేదు. ఇప్పుడు ఉదయం ఆరింటికల్లా దేవుడి బొమ్మ పంపుతుంది. మా అమ్మ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఇక పతనం. మన దేశంలో దీన్ని యాప్‌ల ఖాతాలోనే రాస్తారు గానీ, 2011, 2012 సంవత్సరాలు దగ్గరగా చూస్తే వేరే చేతులు కూడా కనిపిస్తాయి. అప్పటికి ఎస్సెమ్మెస్‌కు మహారాజపోషకులు కాలేజీ పిల్లలు. నెలకు ముప్ఫయ్యో నలభయ్యో పెట్టి ప్యాక్ వేయించుకుని రోజుకు రెండు మూడు వందలు పంపేవారు. అదే సమయంలో అక్కరలేని ప్రచార మెసేజీల బెడద మితిమీరింది. దాన్ని అరికట్టడానికి ట్రాయ్ 2011 సెప్టెంబరు 27 నుంచి ఒక సిమ్ నుంచి రోజుకు 100 మెసేజీలే అని హద్దు పెట్టింది. గోల రేగడంతో నవంబరులో 200కు పెంచింది. 2012 జులైలో ఢిల్లీ హైకోర్టు వ్యక్తిగత మెసేజీలపై ఆ హద్దు చెల్లదంది. అదే ఏడాది నవంబరులో ట్రాయ్ ఇంకో దారిలో వచ్చి, రోజుకు వంద దాటితే ఒక్కోదానికి కనీసం 50 పైసలు వసూలు చేయాలంది. మధ్యలో 2012 ఆగస్టులో బెంగళూరు తదితర నగరాల నుంచి ఈశాన్య రాష్ట్రాల వారు పుకార్లకు భయపడి ఊళ్లకు తరలిపోయినప్పుడు, దేశమంతటా రోజుకు 5 మెసేజీలకే పరిమితం చేశారు. కొన్ని రోజులకు దాన్ని 20 చేశారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మాకు. రోజుకు మూడు వందలు పంపే పిల్లవాణ్ణి వందకు ఆపితే వాడు మాట్లాడటం మానడు, ఇంకో దారి వెతుక్కుంటాడు. సరిగ్గా అప్పుడే నోకియా కీప్యాడ్ ఫోన్లలోకి కూడా వాట్సాప్ వచ్చింది. మా దగ్గర ఎస్సెమ్మెస్ ప్యాక్‌లు వరసగా మానేసినవారి జాబితా తీస్తే వారిలో చాలామంది అదే నెలలో డేటా ప్యాక్ వేయించుకున్నవారే.

ఆ డేటా ప్యాక్ అమ్మింది ఎవరు? మేమే. 2012లో రిలయన్స్ కమ్యూనికేషన్స్ నెలకు 16 రూపాయలకు వాట్సాప్, ఫేస్‌బుక్ ఎంతైనా వాడుకోవచ్చని విద్యార్థులకు ప్యాక్ పెట్టింది. ఇంట్లోకి పామును మేమే పిలిచి పాలు పోశామని తర్వాత చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. ఎస్సెమ్మెస్ ప్యాక్‌కు ముప్ఫై పెట్టే పిల్లవాడికి ఇంటర్నెట్ రుచి చూపించకపోతే, వాడు తర్వాతి రోజుల్లో నెలకు రెండు మూడు వందల డేటా వినియోగదారు అయ్యేవాడు కాదు. మొబైల్ డేటా ఎందుకో జనానికి అర్థమయ్యేలా చెప్పిన మొదటి కారణం వాట్సాప్. మా అమ్మ సంగతి గుర్తుందిగా. ఆమె నుంచి ఎస్సెమ్మెస్ ద్వారా ఏ కంపెనీకీ పైసా రాలేదు. ఇప్పుడు ప్రతి నెలా రీఛార్జ్ అయిపోతుందేమోనని నాకు ముందే ఫోను చేస్తుంది.

ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపించిన చోటు నెదర్లాండ్స్. అక్కడి పెద్ద కంపెనీ కేపీఎన్, కుర్రకారు కోసం 'హై' అనే బ్రాండు నడిపేది. ఆ బ్రాండు స్మార్ట్‌ఫోన్ వినియోగదారుల్లో 2010 ఆగస్టు దాకా వాట్సాప్ దాదాపు లేదు. 2011 ఏప్రిల్ నాటికి 85 శాతం మంది వాడుతున్నారని కంపెనీయే పెట్టుబడిదారులకు చెప్పుకుంది. ఎనిమిది నెలల్లో జరిగిన పని అది! వాట్సాప్ వాడితే అదనంగా వసూలు చేస్తామని ప్రకటించింది. ఎవరు ఏ యాప్ వాడుతున్నారో మీకెలా తెలుసని జనం నిలదీశారు. చివరికి ఆ దేశం నెట్ న్యూట్రాలిటీని, అంటే ఇంటర్నెట్‌లో ఏ యాప్ మీదా వివక్ష చూపకూడదన్న సూత్రాన్ని, చట్టంగా రాసుకుంది. మన దేశంలోనూ ఇదే జరిగింది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా వసూలు చేస్తానని ప్రకటించి, రోజుల్లోనే వెనక్కి తగ్గింది. 2015 మార్చిలో ట్రాయ్ ఈ యాప్‌ల మీద చర్చాపత్రం విడుదల చేస్తే, నెట్ న్యూట్రాలిటీ కావాలంటూ పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరిలో ఏ యాప్‌కు ఆ యాప్ డేటా ధర పెట్టకూడదని నిబంధన వచ్చింది. 16 రూపాయల ప్యాక్ లాంటి వాటికి కూడా అక్కడితో తలుపు మూసుకుంది.

మీకు కావలసిన అంకె దగ్గరికి వస్తాను. ఓవమ్ అనే పరిశోధన సంస్థ, 2011లో సోషల్ మెసేజింగ్ వల్ల ప్రపంచవ్యాప్తంగా కంపెనీలు 1,390 కోట్ల డాలర్ల ఎస్సెమ్మెస్ ఆదాయం కోల్పోయాయని అంచనా కట్టింది. 2012లో చాట్ యాప్‌ల మెసేజీలు రోజుకు 1,900 కోట్లు, ఎస్సెమ్మెస్‌లు 1,760 కోట్లు అని ఇన్‌ఫార్మా అనే పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. ప్రాజెక్టులో రెండూ పెట్టుకోవచ్చు. కానీ యాప్‌లో వెళ్లిన ప్రతి మెసేజీ ఎస్సెమ్మెస్‌గా వెళ్లి ఉండేదని మాత్రం అనుకోకండి. 'ఊఁ', 'సరే', ఒక నవ్వు బొమ్మ, వీటికి రూపాయి పెట్టేవాడెవడు? ఉచితం కాబట్టే అంత మాట్లాడుతున్నారు.

మన దేశంలో 2016 సెప్టెంబరు 5 తర్వాత అయితే ఆ అంకె వెతకడమే వృథా. జియో వచ్చి కాల్స్‌కు ఛార్జీ ఎత్తేసి, ప్లాన్‌లో రోజుకు వంద ఎస్సెమ్మెస్‌లు పడేసింది. మిగతావారూ అదే బాట పట్టారు. కాల్స్, డేటా, ఎస్సెమ్మెస్ మూడూ ఒకే మూటలో కట్టి అమ్మితే, అందులో ఎస్సెమ్మెస్ వాటా ఎంతో అకౌంటెంట్ తనకు తోచినట్టు రాసుకోవాల్సిందే. భోజనం ప్లేటులో పచ్చడికి విడిగా ధర ఎంతని అడిగినట్టుంటుంది. వంద దాటితే 50 పైసలు అన్న నిబంధనను కూడా 2020లో ట్రాయ్ ఎత్తేసింది. కాపాడాల్సిన ఆదాయం ఏదీ మిగలలేదు.

ఆదాయంగా పనికిరాకపోయినా, చౌక ప్లాన్ నుంచి ఎస్సెమ్మెస్‌ను తీసేస్తే అది వేరేలా పనికొచ్చింది. నంబరు మార్చకుండా ఇంకో కంపెనీకి పోవాలంటే 1900కు పోర్ట్ మెసేజీ పంపాలి కదా. కొన్ని చౌక ప్లాన్లలో బయటికి ఎస్సెమ్మెస్ పంపే వీలే ఉండేది కాదు. పోవాలనుకున్నవాడు పోవడానికి ముందు ఖరీదైన ప్లాన్ కొనాలన్నమాట. ఫిర్యాదులు పెరిగాక 2021 డిసెంబరులో ట్రాయ్, ఏ ప్లాన్ అయినా సరే పోర్ట్ మెసేజీ వెళ్లనివ్వాలని ఆదేశించింది. యూపీఐ యాప్ కొత్తగా పెట్టుకునేటప్పుడు మీ ఫోను నుంచి తనంతట తానే ఒక మెసేజీ పంపడం గమనించారా? ఆ సిమ్ మీదే అని బ్యాంకు తేల్చుకునేది దానితోనే. కొత్త ఫోను కొన్న రోజు 'మెసేజ్ పంపడం విఫలమైంది' అని వస్తే, ముందు చూడాల్సింది సిమ్‌లో ఎస్సెమ్మెస్ ఉందా లేదా అని. మా వీధిలో నేను ఇప్పటికీ చేసే టెక్నికల్ సపోర్టు అంతా ఇదే.

రెండో ప్రశ్నకు జవాబు సగం డేటాలో ఉంది, మిగతా సగం మీ ఇన్‌బాక్స్‌లో ఉంది. మనుషులు ఎస్సెమ్మెస్‌లు మానేశారు, యంత్రాలు మొదలుపెట్టాయి. ఓటీపీ, ఖాతాలో జమ, గ్యాస్ బుకింగ్, రైలు టికెట్టు, చీరల దుకాణం ఆషాఢం తగ్గింపు, వీటన్నిటికీ ఎవరో ఒకరు డబ్బు కడతారు. మా భాషలో దీని పేరు ఏటుపీ, అంటే అప్లికేషన్ నుంచి మనిషికి. దేశంలోపల పంపే మెసేజీ టోకున పది నుంచి పాతిక పైసల మధ్య పడుతుంది. చిల్లరే, కానీ కోట్లలో వెళుతుంది. పైగా బ్యాంకు బేరమాడుతుందే గానీ మానేయలేదు. పిల్లలు కట్టే రూపాయి పోయి, బ్యాంకులు కట్టే పైసలు వచ్చాయి. జేబు మారింది.

ఆ పైసల వెనక దేశం ఎంత ఆధారపడి ఉందో నాకు 2021 మార్చి 8న అర్థమైంది. పంపేవారి పేరు, మెసేజీ నమూనా ముందే నమోదై ఉండాలని, నమూనాతో సరిపోలని దాన్ని నెట్‌వర్క్ దగ్గరే ఆపేయాలని కొత్త పద్ధతి ఆ రోజు మొదలైంది. దాన్ని డీఎల్‌టీ అంటారు. పదకొండయ్యేసరికి మా ఆఫీసులో మోగని ఫోను లేదు. మా ఖాతాదారు అయిన ఒక బ్యాంకు నమూనాలో ఫుల్‌స్టాప్ తర్వాత ఒక ఖాళీ ఎక్కువ ఉంది. ఆ ఒక్క ఖాళీకి వాళ్ల ఓటీపీలన్నీ గోడకు కొట్టిన బంతుల్లా వెనక్కి వచ్చాయి. దేశమంతా అదే పరిస్థితి. కోవిడ్ టీకా నమోదుకు ఓటీపీలు అందక జనం అల్లాడారు. మర్నాడు ట్రాయ్ ఆ కొత్త పద్ధతిని వారం రోజులు ఆపమంది. ఎస్సెమ్మెస్ చచ్చిపోయిందని అంతకు ముందు వారమే ఒక సమావేశంలో ఎవరో గొప్పగా చెప్పారు. ఆ మధ్యాహ్నం ఆయన్ను మా ఆఫీసుకు తీసుకొచ్చి కూర్చోబెట్టాలనిపించింది.

అయితే ఈ రెండో జేబు మీద కూడా వాట్సాప్ చెయ్యి పడింది, మీ ప్రాజెక్టులో అసలు రాయాల్సింది ఇదే. 2018లో వాట్సాప్ వ్యాపారాలకు తలుపు తెరిచింది. ఇప్పుడు ఓటీపీ కూడా అందులోనే వస్తోంది. మామూలు మెసేజీకి ధర ఎస్సెమ్మెస్‌కు దరిదాపుల్లోనే ఉంటుంది. తేడా అంతా విదేశీ సంస్థల దగ్గర. బయటి దేశం నుంచి నడిచే సంస్థ మన ఫోనుకు ఎస్సెమ్మెస్ పంపితే మన కంపెనీలు పైసల్లో కాదు, రూపాయల్లో వసూలు చేస్తాయి. అదే మెసేజీ వాట్సాప్‌లో పంపితే చాలా తక్కువ. అందుకే పెద్ద టెక్ సంస్థలు అటు మళ్లాయి. వాట్సాప్ కూడా ఏమీ సన్యాసి కాదు. 2024 జూన్ నుంచి మన దేశానికి వచ్చే విదేశీ ఓటీపీలకు విడిగా ఎక్కువ ధర పెట్టింది. ఒకప్పుడు మేము చేసిన పనే. ఇంకోపక్క, ధర ఎక్కువ ఉన్నచోట దొంగలు చేరతారు. నకిలీ ఖాతాలతో ఓటీపీలు రప్పించి ఆ రుసుములో వాటా తినే మోసం వల్ల ఏటా 6 కోట్ల డాలర్లు పోతున్నాయని చెప్పి, ట్విట్టర్ 2023 మార్చిలో డబ్బు కట్టని ఖాతాలకు ఎస్సెమ్మెస్ భద్రతా కోడ్‌లు ఆపేసింది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2024 జూన్ నుంచి చిన్న మొత్తాల యూపీఐ చెల్లింపులకు ఎస్సెమ్మెస్ పంపడం మానింది. ఓటీపీ కాకుండా ఇతర పద్ధతుల్లోనూ చెల్లింపుదారును నిర్ధారించుకోవచ్చన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశాలకు 2026 ఏప్రిల్ 1 గడువు తేదీ. బ్యాంకులు ఆ దారి పడితే ఈ పైసలు కూడా తరిగిపోతాయి.

మూడో ప్రశ్న, వాటా సంగతి. కంపెనీల వాదనలో ఒక్కటే నాకు నిలబడుతుందనిపిస్తుంది. సవరించిన ఆదాయంలో 8 శాతం లైసెన్సు ఫీజు కట్టి, స్పెక్ట్రమ్ కొని, ప్రభుత్వం అడిగినప్పుడు రికార్డులు ఇచ్చే బాధ్యత మోసేది వాళ్లు. ఆ బరువు యాప్‌లకు లేదు. కానీ దానికి మందు కంపెనీల బరువు తగ్గించడం, యాప్‌ల దగ్గర అద్దె వసూలు చేయడం కాదు. చాట్‌లో నాలుగు మాటలు మోసే డేటా ఎంత? నెట్‌వర్క్‌ను నలిపేది వీడియో. ఆ వీడియో చూడటానికి వినియోగదారు ముందే రీఛార్జ్ చేశాడు, ఒకే సరుకుకు రెండు వైపులా కిరాయి అడగడం అవుతుంది. ట్రాయ్ కూడా 2020 సెప్టెంబరులో ఈ యాప్‌లకు ప్రత్యేక నియంత్రణ ప్రస్తుతానికి అక్కరలేదంది. 2023లో చర్చ మళ్లీ మొదలుపెట్టింది, కంపెనీలు అడుగుతూనే ఉన్నాయి.

ప్రాజెక్టుకు ఒక పని చెబుతాను, డబ్బు ఖర్చు లేనిది. 2025 నుంచి వ్యాపార మెసేజీలు పంపేవారి పేరు చివర ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటోంది. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. మీ క్లాసులో ఇరవై మందిని వారం రోజుల ఇన్‌బాక్స్ తెరిచి ఏ అక్షరంతో ఎన్ని వచ్చాయో, పది అంకెల మామూలు నంబర్ల నుంచి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టమనండి. అదే వారంలో వాట్సాప్‌లో బ్యాంకులు, దుకాణాల నుంచి ఎన్ని వచ్చాయో పక్క గడిలో రాయండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా చూడండి, వాళ్లు పాత మెసేజీలు చెరపరు. మనుషుల మెసేజీలు ఏ సంవత్సరంలో ఆగిపోయాయో తేదీతో సహా దొరుకుతుంది.